సవరణ: ఈ సీజన్‌లో ఆడేది ఏ కన్యాశుల్కం?

చిత్తూరులో మావాళ్లు ఆడబోయే నాటకాల గురించి మొన్న పెట్టిన పోస్టులో కన్యాశుల్కం పక్కన 1892 అని ఉంది. అది విజయనగరంలో ఆ నాటకం తొలిసారి ఆడిన ఏడాది. ఇక్కడ ఆడేది మాత్రం గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి రెండో కూర్పు. అదీ కుదించి. మొత్తం ఆడితే తెల్లారిపోతుంది, తిరుపతి నుంచి వచ్చేవాళ్ల ఆఖరి బస్సు సంగతేంటి! గిరీశం వెంకటేశానికి చుట్ట గొప్పతనం చెప్పే చోట మాత్రం ఒక్క ముక్క కూడా తియ్యలేదు.

ఇంకో నాటకం, తిరుపతి వెంకట కవుల పద్యనాటకం పాండవోద్యోగం కూడా పూర్తిగా ఉండదు, పడక సీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోసం వచ్చేది), రాయబారం (కృష్ణుడు కౌరవుల దగ్గరికి సంధి మాటలకు వెళ్లేది) మాత్రమే. హార్మోనియం స్టేజీ పక్కనే ఉంటుంది, రికార్డింగ్ కాదు. నచ్చిన పద్యం మళ్లీ పాడమని వన్స్‌మోర్ కొట్టేవాళ్లు కొట్టుకోవచ్చు. మొన్నటి పోస్టులోని కొత్త నాటకాల జాబితాలో మార్పు లేదు.