6502 గారికి ఒక ఆధునికీకరణ ప్రతిపాదన

మహారాజశ్రీ 6502 ప్రాసెసర్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే మా కంప్యూటర్లు కుశలంగా లేవు. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, ఫ్యాన్ రంకెలు వేస్తోంది. అలాంటప్పుడల్లా మాలో ఎవడో ఒకడికి మీరు గుర్తొస్తారు. "ఎంత శుభ్రమైన డిజైన్! కాస్త పెద్దది చేసి ఇప్పటి కంప్యూటర్లలో పెడితే పోలా?" ఈసారి ఆ ఎవడో నేనే.

మీకు వంక పెట్టలేం. 1975లో తోటివాళ్ళు వందల డాలర్లు పలుకుతుంటే మీరు 25కే దొరికారు. 56 రకాల ఆదేశాలు, ఎ, ఎక్స్, వై అని చేతిలో మూడు రిజిస్టర్లు (లెక్క చేసేటప్పుడు అంకెలు పట్టుకునే చిన్న గదులు). ఆ సరంజామాతోనే ఆపిల్ 2 అనే కంప్యూటర్‌ని నడిపించారు.

ఇక నా ప్లాన్. మీకు కనిపించే మెమరీ 64 కిలోబైట్లు. నా ఫోన్ తీసిన ఒక్క ఫోటో అందులో పట్టదు. సరే, అడ్రస్‌ను, అంటే మెమరీలో చోటు నంబరును, 64 బిట్లు చేద్దాం. తర్వాత కూడిక. మీరు ఒక్కసారికి 8 బిట్లే కలుపుతారు. రెండు 32 బిట్ల సంఖ్యలు కలపమంటే క్యారీ (పక్క స్థానానికి మోసుకెళ్ళే అంకె) తుడిచి, ఒక బైటు తెచ్చి, కలిపి, దాచి, మళ్ళీ తెచ్చి, కలిపి, దాచి... వెరసి 13 ఆదేశాలు. గుణకారం అసలే రాదు. 4కె తెరకు ఒక్క రంగు పులమమంటే, మీ 1 మెగాహెర్ట్జ్ వేగంతో రెండు నిమిషాలు దాటుతుంది. రెండో ఫ్రేమ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

"వేగం పెంచెయ్" అన్నాడు నా మిత్రుడు. అసలు చిక్కు అక్కడే. రిజిస్టర్లు తక్కువ కాబట్టి మీరు ఇంచుమించు ప్రతి సైకిల్‌కీ, అంటే గడియారం టిక్కుమన్న ప్రతిసారీ, మెమరీ గుమ్మం తొక్కుతారు. అప్పట్లో మెమరీ మీతో సమానంగా నడిచేది, అందుకని చెల్లింది. ఇప్పుడు మిమ్మల్ని 3 గిగాహెర్ట్జ్‌తో పరిగెత్తిస్తే, అక్కడి నుంచి జవాబు వచ్చేలోగా వందల సైకిళ్ళు గుమ్మం బయట పడిగాపులు కాయాలి. కాబట్టి క్యాష్, అంటే దగ్గర్లోనే ఉండే చిన్న వేగమైన మెమరీ, పెట్టాను. రిజిస్టర్లు పెంచాను. ఒక ఆదేశం పూర్తికాకముందే తర్వాతిది మొదలయ్యేలా పైప్‌లైన్ వేశాను. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని మెమరీలో చెయ్యి పెట్టకుండా కాపలా పెట్టాను. అంతా అయ్యాక డ్రాయింగ్ చూస్తే మీరు ఓ మూల నలుసంత ఉన్నారు, అదీ పాత ఆటలు ఆడించడానికి. ఆ పని ఎమ్యులేటర్, అంటే మీలా నటించే సాఫ్ట్‌వేర్, ఎప్పటినుంచో చేస్తోంది.

నాకన్నా తెలివైనవాళ్ళు ఈ సంగతి ముందే గ్రహించారు లెండి. బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌లో మిమ్మల్ని వాడిన ఎకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ మిమ్మల్ని సాగదీయకుండా, మీ పొదుపు మాత్రం పట్టుకుని, ఆర్మ్ అనే కొత్త ప్రాసెసర్ గీసుకున్నారు. 1985లో పనిచేయడం మొదలుపెట్టిన ఆ ఆర్మ్ వంశంవాడే నా ఫోన్‌లో ఉన్నాడు. ఈ ఉత్తరం టైప్ చేస్తున్నది కూడా వాడి మీదే. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ అభిమాని

తా.క.: మీ తొలి మోడల్‌లో ఒక తిరకాసు ఉంది. మెమరీలో 30ఎఫ్ఎఫ్ అనే చోట (పదహారు అంకెల లెక్కలో 3100కి ముందుది) ఉన్న అడ్రస్ చదివి అక్కడికి దూకమంటే, దాని రెండో సగం కోసం పక్కనున్న 3100 తలుపు తట్టకుండా, వెనక్కి తిరిగి అదే వీధి మొదట్లో ఉన్న 3000కి వెళ్తారు. కొత్త డిజైన్‌లో అది సరిచేస్తానంటే మిత్రుడు ఒప్పుకోవడం లేదు. "అది కూడా తీసేస్తే దీన్ని 6502 అని ఎలా అంటాం రా?" అంటున్నాడు.