పెళ్లయి ఊరు మారితే వలస కాదా?

మా అమ్మాయి పదో తరగతి. ఇవాళ సోషల్ స్లిప్ టెస్ట్ పేపరు తెచ్చింది. భారతదేశంలో వలసలకు అతి పెద్ద కారణం ఏది అని ప్రశ్న. నేను చెప్పినట్టే "పెళ్లి" అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన "ఉపాధి" అని రాశారు. రెండు మార్కులు పోయాయి. పైగా క్లాసంతా నవ్విందట. "నువ్వే తప్పు చెప్పావమ్మా" అని పిల్ల ఏడుపు. అప్పటి నుంచి నా కడుపు మండిపోతోంది.

తప్పెక్కడుంది? 2011 జనగణనలో అంతకుముందున్న ఊరు వదిలి వచ్చినవాళ్లు 45 కోట్ల పైనే తేలారు. ఎందుకొచ్చారని అడిగితే అన్నిటికన్నా ఎక్కువ మంది చెప్పిన కారణం పెళ్లి. చెప్పినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లు. జనగణన ఫారంలో ఉపాధి, వ్యాపారం, చదువు వీటి వరుసలోనే పెళ్లి కూడా ఉంది. మగవాళ్ల వరకే అడిగితే ఉపాధి అనండి, ఒప్పుకుంటా. ప్రశ్నలో మగవాళ్లని లేదే!

1885లోనే రావెన్‌స్టీన్ అనే భూగోళ శాస్త్రవేత్త బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని, దగ్గరి దూరాలకు మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ కదులుతారని రాశాడు. అక్కడి ఆడవాళ్లు ఎక్కువగా ఇళ్లలో పనికి, ఫ్యాక్టరీలకు పోయారు, అది వేరే సంగతి. కానీ కదిలిన మనిషిని కదిలిందనే రాశాడు. మన దగ్గర వలస అంటే ఇప్పటికీ నెత్తిన మూట పెట్టుకున్న మగాడి బొమ్మే.

ఆ మూట నాకు తెలియక కాదు. మాది మక్తల్ దగ్గర పల్లె. దీపావళి దాటితే ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలే మిగిలేవాళ్లు. బొంబాయి బస్సెక్కినవాళ్లలో మా పెద్దమ్మ కూడా ఉండేది. మగవాళ్లతో సమానంగా ఇసుక తట్టలు మోసింది. అలా ఆరు నెలలకు పోయి తొలకరికి తిరిగొచ్చేవాళ్లు జనగణనకు సరిగ్గా దొరకనే దొరకరు. 2011లో ఇళ్లకొచ్చి లెక్క రాసింది ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో మా ఊళ్లో ఎవరుంటారు?

కరువు తోస్తుంది, పట్నం లాగుతుంది అని పాఠంలో చెబుతారు కదా. మరి నన్ను ఏ కరువు తోసింది? పంతొమ్మిదేళ్లకు షాద్‌నగర్ దగ్గరికి తెచ్చి దింపారు. ఊరు, స్నేహితులు, చదువుతున్న డిగ్రీ అన్నీ అక్కడే ఆగిపోయాయి. దాన్ని వలస అని ఒక్కరూ అనలేదు, అత్తగారింటికి పోయింది అన్నారు.

నాన్న పోయాక పొలం పంపకాల రోజు మాత్రం అదే ఊరి పెద్దమనుషులు "నువ్వు ఊరొదిలి పోయినదానివి, నీకిక్కడేం పనమ్మా" అన్నారు. కూతురికీ సమాన వాటా ఉందని 2005 నుంచి చట్టం చెబుతోంది. అయినా నాతో సంతకం పెట్టించుకున్నారు. మా అన్న తల ఎత్తలేదు. వాటా దగ్గర ఊరొదిలినదాన్ని, వలస అనే మాట దగ్గర ఊరొదలనిదాన్నా?

రేపు పొద్దున్నే ఆ పేపరు పట్టుకుని బడికి పోతున్నా. జనగణన పట్టిక ప్రింటు కూడా తీయించా. ఆ రెండు మార్కులు నా బిడ్డవి.