వెనెజువెలా గురించి వాట్సాప్ చెప్పని సంగతి

ఎన్నికలు దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఈ మెసేజ్ మళ్ళీ తిరుగుతుంది. వెనెజువెలా ఒకప్పుడు ధనిక దేశమట. హ్యూగో చావెజ్ అధ్యక్షుడిగా వచ్చి అన్నీ ఉచితంగా పంచాడట. జనం సోమరులై దేశం దివాలా తీసిందట. రేపు మన రాష్ట్రాల గతీ అదేనట. ఉచిత పథకాలు మంచివా కాదా అన్నది వేరే చర్చ. నా బాధల్లా, ఆ దేశానికి జరిగిన అసలు అన్యాయాన్ని ఈ మెసేజ్ కప్పేస్తోందని.

"చావెజ్ రాకముందు అంతా బాగుంది." బాగా లేదు కాబట్టే ఆయన గెలిచాడు. 1989లో పెట్రోలు ధర, బస్సు చార్జీలు పెరిగితే రాజధాని కారకాస్ వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. సైన్యం కాల్పుల్లో వందల మంది చనిపోయారు. 1998లో చావెజ్ గెలిచేనాటికి, ఆ దేశానికి ప్రధాన ఆదాయమైన చమురు ధర బ్యారెల్‌కు పది డాలర్ల దగ్గరికి పడిపోయి ఉంది.

"జనం సోమరులయ్యారు." 70 లక్షల మందికి పైగా ఇల్లూ ఊరూ వదిలి కొలంబియా, పెరూ లాంటి దేశాల్లో దొరికిన పని చేసుకుంటున్నారు. వాళ్ళను సోమరులనడం అన్యాయం.

"ఉచితాలే ముంచాయి." అసలు పొరపాటు ఇక్కడే ఉంది. నార్వేలోనూ చమురుంది, చదువూ వైద్యమూ దాదాపు ఉచితమే. తేడా లెక్క అడిగేవాళ్ళ దగ్గర వచ్చింది. ప్రభుత్వం పన్నుల మీద నడిస్తే జనానికి జవాబు చెప్పక తప్పదు. చమురు డబ్బు నేరుగా చేతికొస్తే ఆ అవసరం తగ్గిపోతుంది. 2002-03లో చావెజ్‌కు వ్యతిరేకంగా జరిగిన సమ్మె తర్వాత ప్రభుత్వ చమురు కంపెనీలో సుమారు 18 వేల మందిని తీసేశారు, ఏళ్ళ అనుభవమున్న ఇంజినీర్లతో సహా. 2004లో సుప్రీంకోర్టు జడ్జీల సంఖ్యను 20 నుంచి 32కు పెంచి తమవాళ్ళతో నింపారు. చావెజ్‌ను దించాలని రీకాల్ పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్ళ పేర్లు బయటపెడితే చాలామంది ఉద్యోగాలు పోయాయి. 2005లో ఫోన్‌దెన్ అనే నిధి పెట్టి, వేల కోట్ల డాలర్లను బడ్జెట్ బయటే ఖర్చు చేశారు. 2009లో పదవీకాల పరిమితినీ ఎత్తేశారు.

అమెరికా ఆంక్షలే కారణమనే వాదనా ఉంది. ఆంక్షలు దెబ్బతీశాయి, నిజమే. కానీ చమురు ఆంక్షలు 2019లో వచ్చాయి. అప్పటికే అక్కడ సరుకుల ధరలు ఆకాశంలో ఉన్నాయి.

"జనమే కదా గెలిపించారు." అవును, మళ్ళీ మళ్ళీ గెలిపించారు. చావెజ్ పోయాక 2015లో అదే జనం పార్లమెంటులో 167 సీట్లకు 112 ప్రతిపక్షానికిచ్చారు. 2017లో సుప్రీంకోర్టు ఆ పార్లమెంటు అధికారాలను తానే తీసుకుంటానంది. నిరసనలు రేగాక తీర్పులో కొంత వెనక్కి తీసుకున్నా, పార్లమెంటు చేతిలో అధికారం మిగల్లేదు. 2024లో చావెజ్ వారసుడు మదురో గెలిచాడని ప్రకటించిన ఎన్నికల సంఘం, బూత్‌లవారీ లెక్కలే బయటపెట్టలేదు.

"మన గతీ అదే." మన రాష్ట్రాలు చమురు ఎగుమతి మీద బతకవు, నోట్లు అచ్చేసుకోలేవు. భయపడాల్సిన పోలిక వేరే ఉంది: ఫోన్‌దెన్ లాగే బడ్జెట్‌లో చూపకుండా కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటి విషయంలోనూ కాగ్ తన రిపోర్టుల్లో వాటిని తప్పుపట్టింది.