నాలుక మీద అక్రమ నియామకాలు

మన పళ్ల వెనకాలే ఏళ్ల తరబడి ఒక ఘోరం జరుగుతోంది. నాలుక మీది రుచి మొగ్గల్లో పాత కణాలు పోయి కొత్తవి చేరిపోతున్నాయి. నోటిఫికేషన్ లేదు, హాల్ టికెట్ లేదు, కీ మీద అభ్యంతరాలు లేవు. కనీసం హైకోర్టులో ఒక్క స్టే అయినా లేదు! అశోక్‌నగర్ గదుల్లో అద్దెలు కడుతూ గ్రూప్స్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఈ సంగతి తెలిస్తే ఏమైపోవాలి?

ఇది ఇవాళ బయటపడింది కూడా కాదు. 1965లోనే బైడ్లర్, స్మాల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల నాలుకలు తనిఖీ చేసి, రుచి కణం సగటు సర్వీసు సుమారు 250 గంటలని తేల్చారు. పది రోజుల పైచిలుకు, అంతే. పెన్షన్ ఊసే లేదు. పులుపు పసిగట్టే కణాలు మాత్రం తీపి, చేదు కణాల కంటే ఎక్కువ రోజులు సీటు పట్టుకుని ఉంటాయని తర్వాత చిట్టెలుకల్లో చూశారు. చింతపండు సెక్షన్‌లో పలుకుబడి ఉన్నట్టుంది.

ఈ ఖాళీలు నింపేవి మూలకణాలు. 2013లో ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పరిశోధన చేసే మోనెల్ కేంద్రం వాళ్లు చిట్టెలుక నాలుక వెనక భాగంలో ‘ఎల్‌జీఆర్5’ అనే ప్రోటీన్ గుర్తుగా ఉన్న మూలకణాలను పట్టుకున్నారు. మరుసటి ఏడాది అలాంటి ఒక్క కణాన్ని విడిగా ల్యాబ్‌లో పెంచితే, దాన్నుంచే రకరకాల రుచి కణాలు పుట్టుకొచ్చాయి. ఏకసభ్య కమిషన్ శాఖ మొత్తాన్ని నింపేసిందన్నమాట. విచారణ వేయొద్దూ?

పోనీ, పోస్టింగుల్లోనైనా గందరగోళం ఉందా అంటే అదీ లేదు. చేదు కణం పుట్టగానే ఒక రసాయన సంకేతంతో చేదు నరాన్ని పిలుచుకుంటుంది, తీపి కణం వేరే సంకేతంతో తీపి నరాన్ని. అందుకే సిబ్బంది ఎన్నిసార్లు మారినా కాకరకాయ జాంగ్రీ అయిపోదు. సిఫార్సు లేఖ లేకుండా సరైన చోట పోస్టింగ్ పడటం అసహజం కాదా?

ఈ భర్తీ ఆగిన సందర్భాలూ ఉన్నాయి, అక్కడ వెటకారం పనికిరాదు. ఒక రకం చర్మ క్యాన్సర్‌కు 2012లో అమెరికాలో అనుమతి పొందిన విస్మోడెగిబ్ అనే మందు హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని ఆపుతుంది. కొత్త రుచి కణాలు తయారవడానికి కావలసిందీ ఆ సంకేతమే. అందుకే ఆ మందు వాడేవాళ్లలో చాలామందికి అన్నం సయించదు. నరం తెగినా అంతే, మొగ్గలు కరిగిపోతాయి. నరం మళ్లీ పెరిగితే అవీ తిరిగి వస్తాయి.

ఇంత సవ్యంగా నడిచేది అసలు ఆఫీసేనా అని నాకు గట్టి అనుమానం ఉండేది. గుంటూరు మిరపకాయ విషయంలో తీరింది. నోరు మండి, కళ్లలో నీళ్లు కారుతున్నా రుచి మొగ్గలది ఒకటే సమాధానం: మంట మా పరిధిలోకి రాదు, నొప్పి నరాల విభాగంలో అడగండి.