పాత పాటను గిట్ల కోసి పెట్టుడేంది?

న్యూ ఆర్డర్ బ్యాండ్ 1983ల చేసిన బ్లూ మండే విందామని ఫోన్ల కొడితే ముందుగాల వచ్చేది ఆ పాట కాదు, ఎవరో కొత్త ఎలక్ట్రానిక్ గ్రూపోళ్లు చేసిన కవర్, అంటే అదే పాటను వాళ్ల తీరుగ మల్ల చేసింది! అసలుది దగ్గర దగ్గర ఏడున్నర నిమిషాలు. ఒబర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ మెషిన్ల ఆ దడదడ, ఎన్క ఒక్కొక్కటే వచ్చి చేరే సింథ్‌లు (కరెంటు కీబోర్డుల సప్పుడు), గొంతు వినబడాలంటేనే రెండు నిమిషాలు దాటుతది, ఆ ఆగుడే కదా పాటల ఉన్న మజా! ఈళ్లేమో దాన్నే కోసి పారేసిన్రు. పది సెకన్లకే పాడుడు షురూ, ఇగ ఆ తర్వాత అన్ని పాటలకు కొట్టే గదే బేస్, గదే డ్రాప్ (జర ఆగి ఒక్కసారే దబ్బున బీట్ పడుడు). ఎందుకు చేసినట్టు మరి?

కవర్లే చెయ్యొద్దంటలేను. 1981ల సాఫ్ట్ సెల్ అనే బ్యాండ్ హిట్ చేసిన టెయింటెడ్ లవ్ కూడా కవరే, 1960లల్ల గ్లోరియా జోన్స్ పాడిన పాట. కానీ వాళ్లు స్పీడు తగ్గించి, సింథ్‌లతోనే దాంట్ల కొత్త బాధ పుట్టించిన్రు. గది కవరంటే!

మొన్న మిర్యాలగూడ బస్సుల ఒక పోరడు ఈ కొత్తదే ఇయర్‌ఫోన్స్ లేకుండ బస్సంత వినబడేటట్టు పెట్టిండు. అసలుది విన్నవా తమ్మీ అంటే, ఇదే కదన్నా అసలుది అన్నడు. పానం సివుక్కుమన్నది. వాని తప్పేమున్నది, యాప్ ఏది ముందు చూపెడితే అది వింటడు. రాసినోళ్ల పేర్లు యాడనో లోపల దాస్తరు, నాలుగు చోట్ల నొక్కితే గానీ కనబడయ్. పాట పక్కనే పెడితే ఆ యాపోళ్ల సొమ్మేం పోతది?