పూర్వజన్మ పాపమా, బోరు నీళ్లా?

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఈ వారం మూడోసారి అదే మెసేజ్. "దేవుణ్ని నమ్మనివాడికి చెడు అనే మాటకు అర్థమే లేదు" అని మొదలై, కింద నాలుగు పాయింట్లు, చివర రెండు దండాలు. పంపేది మనవాళ్లే కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నా.

నరకభయం లేకపోతే అందరూ దొంగలవుతారట. గుడి బయట చెప్పులు పోగొట్టుకున్నవాళ్లు గ్రూపులోనే ఉన్నారు, వాళ్లనడగండి.

స్టాలిన్ నాస్తికుడట. అవును. ఆయన చేసింది ఘోరమే, అది తెలియడానికి నాకు గరుడపురాణం అక్కర్లేదు.

మంచీ చెడూ దేవుడు చెబితేనే తెలుస్తాయట. ఎదుటివాళ్లు చేస్తే మన మనసుకు ఏది కష్టమో, అది మనం వాళ్లకు చేయకపోవడమే అన్ని ధర్మాలకూ మూలమన్నాడు తిక్కన. మన నెల్లూరాయనే. యజ్ఞం చేసిన సోమయాజి. అయినా ఆ పద్యంలో కొలత మన మనసే, నరకం ఊసు లేదు.

నాలుగోది చదివాకే ఒళ్లు మండింది. "అవిటితనం, తీరని రోగాలు పూర్వజన్మ పాపఫలం." కనిగిరి వైపు పుట్టి పెరిగినవాళ్లు ఫార్వర్డ్ చేయాల్సిన మాటేనా ఇది? మా వీధి చివర తాత ఉండేవాడు. నడుము వంగిపోయింది. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాల్సిందే. ఆయన ఏ జన్మలో ఏం చేశాడో తెలియదుగానీ, ఈ జన్మలో బోరు నీళ్లు తాగాడు.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు ఇది, పేరు ఫ్లోరోసిస్. దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1937లో, పాత నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే, ప్రకాశంలోకి వచ్చింది 1970లో. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మరి చిత్రగుప్తుడు పాపులందర్నీ ఏరి ఏరి ఒకే బోరు చుట్టూ పుట్టించాడా? క్యాన్ నీళ్లు కొనుక్కోగలిగిన ఇళ్లలో పిల్లల పూర్వజన్మలు కూడా శుభ్రంగా ఉంటాయి కాబోలు!

ఫ్లోరైడ్‌కు బుద్ధి లేదు, దాన్ని తిట్టి లాభం లేదు. తెలిసీ ఏళ్ల తరబడి మంచినీళ్లు ఇవ్వలేదే, అదీ చెడు. మీ మెసేజ్ ఆ తప్పు తీసుకెళ్లి తాత నెత్తినే పెడుతోంది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. ఒకరిని బాధపెట్టడం ఎందుకు తప్పు, ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోతే ఒకచోట నా దగ్గరా జవాబు ఉండదు. ఇంకోటి. ఆ తాతకు రోజూ ఊరవతల బావి నుంచి బిందెడు మంచినీళ్లు మోసుకొచ్చింది నాలాంటివాడు కాదు, శనివారం ఉపవాసం తప్పని మా పెద్దమ్మ. "అయ్యో, పాపం" అనేదిగానీ, ఎవరి పాపమని ఎన్నడూ అడగలేదు.

నాలుగో పాయింటు తీసేసి పంపుకోండి. మిగతా మూడూ భరిస్తా.