దాత పేరున్న ఫ్యాను గాలి పీల్చవచ్చునా?

మన ఊళ్లలో ఏ గుడి మండపంలోనైనా కూర్చుని తలెత్తి చూడండి. ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో దాత పేరు, ఊరు, ఎవరి జ్ఞాపకార్థమో వారి పేరు కనిపిస్తాయి. మూడు రెక్కల మీద ముగ్గురు కొడుకుల పేర్లు రాయించినవాళ్లనూ చూశాను. ఇది దానమా, ప్రచారమా? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. (మండపంలో తప్ప. అక్కడ గాలి బాగా వస్తుంది.)

ఇందులో ఇంకో చిక్కుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరూ చదవలేరు. కరెంటు పోతేనే కనబడుతుంది. అంటే దాతగారి పేరు లోకానికి తెలిసేది ఆయన దానం పనిచేయని వేళలోనే. చెమట తుడుచుకుంటూ పైకి చూసే జనం అప్పుడు ఆయన్ను ఏమనుకుంటారో నేను చెప్పనక్కర్లేదు.

నిస్వార్థం కాని దానం దానమే కాదన్నది నా సిద్ధాంతం. దీన్ని మాటలతో సరిపెట్టకుండా ఆచరణలో పెట్టాను. పేరు మీద గానీ, పుణ్యం మీద గానీ, కనీసం మంచి పని చేశానన్న తృప్తి మీద గానీ నాలో రవ్వంత ఆశ మిగిలి ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నాను. ఇప్పటిదాకా నియమభంగం జరగలేదు.

లోకం మాత్రం ఇంత నిష్ఠగా లేదు. హీరోగారి పుట్టినరోజుకి అభిమానులు రక్తదాన శిబిరం పెడతారు. 350 మిల్లీలీటర్ల రక్తం ఇస్తారు, బాగానే ఉంది. ఇస్తూ ఇస్తూ బొటనవేలు పైకెత్తి ఫొటో దిగుతారు. లేచాక నిర్వాహకులు ఇచ్చిన బిస్కెట్లు తిని జ్యూసు ప్యాకెట్ తాగుతారు. బిస్కెట్ నోట్లో పెట్టుకున్న క్షణాన అది దానం కాస్తా వ్యాపారమైందా లేదా? ఈ మాట ఒక శిబిరంలో అడిగితే అక్కడి కుర్రాడు, "అంకుల్, మీ బరువు 45 కిలోలు దాటిందా? దాటితే ఇలా పడుకోండి" అన్నాడు. తాత్త్విక చర్చకు మన యువతలో ఓపిక తగ్గిపోయింది. పైగా మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వవచ్చట. ఏడాదికి నాలుగుసార్లు మనసు కడుక్కోవడం ఎవరివల్ల అవుతుంది?

ప్రభుత్వం తక్కువ తిందా! 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో 80జీ సెక్షను పెట్టి, విరాళానికి రసీదు తెస్తే పన్నులో మినహాయింపు ఇస్తామంటూ దశాబ్దాల పాటు జనాన్ని పాడుచేసింది. కొత్త పన్ను విధానంలో మాత్రం ఆ మినహాయింపు ఉండదు. దానికి మారిన రోజున నా మనసు తేలికపడింది. ఇకమీద నేనేమిచ్చినా అది శుద్ధమైన దానమే. ఇవ్వాల్సిన అవసరం ఇంకా రాలేదు, అది వేరే సంగతి. కంపెనీల విషయం మరీ ఘోరం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. చట్టం పెట్టి పుట్టించిన దయ! ఆ దయతో కట్టిన మరుగుదొడ్లను బడిపిల్లలు ఏ శంకా లేకుండా వాడేసుకుంటున్నారు.

ఇలా మాట్లాడుతుంటే కోనసీమ మిత్రుడొకడు డొక్కా సీతమ్మగారిని తెచ్చి నా ముందు పెట్టాడు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో, ఆకలితో ఎవరొచ్చినా వేళాపాళా చూడకుండా వండి పెట్టింది. ఒకసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరిందట. దారిలో ఆకలిమీదున్న ప్రయాణికులు కొందరు, ఇంకాస్త దూరం ఓర్చుకుంటే సీతమ్మగారిల్లు వస్తుందని చెప్పుకోవడం విని, దర్శనం మానుకుని ఇంటికి మళ్లిందట. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం కోసం ఆమె ఫొటో అడిగితే ఒప్పుకోలేదనీ, అధికారులు బతిమాలితే వాళ్ల ఉద్యోగాల మీద జాలితో సరేనందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

కాస్త తడబడ్డమాట నిజం. వెంటనే సర్దుకుని, "పెట్టినప్పుడు ఆవిడకు తృప్తి కలిగిందా లేదా?" అన్నాను.

"కలిగే ఉంటుంది."

"అయితే తన తృప్తి కోసమే పెట్టింది. స్వార్థం!"

మిత్రుడు ఇంక మాట్లాడలేదు. ఆమె విసుక్కుంటూ పెట్టి ఉంటే నిస్వార్థమని నేనూ ఒప్పుకునేవాణ్ణి. ప్రేమ లేని దానానికి నా దగ్గర వేరే అభ్యంతరం ఉంది గానీ, దాన్ని తర్వాత తీసేవాణ్ణి.

ఈ వాదానికి పెద్దల దన్ను కూడా ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లండు తత్త్వవేత్త థామస్ హాబ్స్ లండన్ వీధిలో ఒక ముసలి బిచ్చగాడికి డబ్బులు వేస్తే, పక్కనున్న మతగురువు ఎందుకు వేశావని ఆరా తీశాడట. అతని అవస్థ చూస్తే నాకు బాధగా ఉంది, వేస్తే అతనికీ కాస్త ఊరట, నాకూ ఊరట అన్నాడట హాబ్స్. మహానుభావుడు! కాకపోతే డబ్బులు వేశాక తర్కించాడు. నేను ముందే తర్కించుకుంటాను కాబట్టి జేబులోది జేబులోనే ఉంటుంది.

కొందరు నన్ను సంకుచితుడంటారు. అన్యాయం. నా అంత ఓపెన్ మైండ్ ఉన్నవాడు మా అపార్టుమెంటులోనే లేడు. పై అంతస్తు అబ్బాయి వేరే కులం పిల్లను చేసుకుంటానంటే వాళ్ల నాన్నకు గంటసేపు నచ్చజెప్పింది నేనే. (మా అబ్బాయి సంగతి వేరు. మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు.) ఎవరేం చెప్పినా వింటాను. నా బుర్ర పాతకాలం పెంకుటిల్లు లాంటిది. ఎదుటివాడి వాదం వీధి గుమ్మంలోంచి వచ్చి, లోపల ఒక్క వస్తువునూ కదపకుండా, పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. ఇంతకంటే బార్లా తెరిచి పెట్టడం నాకు చేతకాదు.

మొన్న జూన్‌లో మూడో అంతస్తు ఆవిడ నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. వాచ్‌మన్ కూతురికి కాలేజీలో సీటొచ్చిందట, ఫీజుకి తలా కొంత వేసుకుంటున్నారట. "ముందు మీ ఉద్దేశమేమిటో తేల్చుకుందామమ్మా" అంటూ కుర్చీ చూపించాను.

"ఫీజు కట్టడమే అన్నయ్యగారూ. శనివారం ఆఖరు."

ఈ పని వల్ల నలుగురిలో మీకు పేరు రావాలని లేదా, ఆ పిల్ల రేపు మీకు వినయంగా నమస్కారం పెట్టాలని లేదా అని ఒక్కొక్కటే అడిగాను. "ఉందేమోనండీ, ఉంటే ఉండనివ్వండి. మీ పేరెదురుగా ఎంత రాయమంటారు?" అంటూ పెన్ను మూత తీసింది. సున్నా రాయడానికి మొహమాటపడుతుంటే నేనే చొరవ చేసి గీత పెట్టమన్నాను. ఆ పిల్ల కాలేజీలో చేరింది, రోజూ బస్సెక్కి వెళ్లివస్తోంది. ఆ చదువులో ఎంత శాతం స్వార్థం కలిసిందో తేల్చే నాథుడు లేడు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తక్షణం ఉద్దేశశుద్ధి మండళ్లు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. చలివేంద్రం పెట్టేవాడు కుండలో నీళ్లు పోసేముందు మండలి నుంచి నిస్వార్థ ధ్రువపత్రం తేవాలి. ఫ్లెక్సీ మీద తన బొమ్మ వేయించుకున్నవాడి కుండలు స్వాధీనం చేసుకోవాలి. దరఖాస్తుల పరిశీలనకు ఎండాకాలం సరిపోతుంది. దాహం సంగతి వానలు పడ్డాక ఆలోచించవచ్చు. అధ్యక్ష పదవికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ భారం నేనే మోస్తాను. కారు, డ్రైవరు, నెలజీతం ఎలా ఉండాలన్న విషయంలో నాకు ముందుగా ఏర్పరచుకున్న అభిప్రాయాలేమీ లేవు.